ఊరి నీళ్లను కాపాడుకోవడం ఎలా? చివరి కుళాయి నుంచి మొదలుపెట్టండి

మా ఊరి ట్యాంకు కిందనే ఒక కుళాయి ఉంది. ఒక వానాకాలం ఉదయం అక్కడ చిన్న గాజు గొట్టంలో నీళ్లు పట్టి, క్లోరిన్ పరీక్షకు వాడే ద్రావణం నాలుగు చుక్కలు వేశాను. నిమ్మపండు రంగు తేలింది, అంటే క్రిముల్ని చంపే క్లోరిన్ నీళ్లలో ఉంది. పక్కన నిలబడ్డ ట్యాంకు ఆపరేటర్ ముఖం విప్పారింది. "చూశారా మాస్టారూ, రోజూ బ్లీచింగ్ వేస్తూనే ఉన్నాను" అన్నాడు. అదే గొట్టం కడిగి, అదే సీసా జేబులో పెట్టుకుని ఇద్దరం చెరువుగట్టు కిందున్న చివరి వీధికి నడిచాం. అక్కడా నాలుగు చుక్కలు వేశాం. నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి. మనసొప్పక అతను ఇంకో రెండు చుక్కలు వేశాడు. అయినా రంగు రాలేదు.

ఆ ఏడాది వాంతులు, విరేచనాలతో ఆసుపత్రి మెట్లెక్కిన వాళ్లలో ఎక్కువమంది ఆ వీధివాళ్లే. అప్పటిదాకా వాళ్ల తిండినీ, వాళ్ల శుభ్రతనూ తప్పుపడుతూ వచ్చాం. బడిలో పాతికేళ్లు సైన్సు చెప్పిన నేను కూడా.

ఆ తర్వాత నాలుగు వానాకాలాలు ఈ నీళ్ల వెంట తిరిగాను. నేర్చుకున్నది ఒక వరుసలో పెట్టి చెబుతాను. మీరు వార్డు సభ్యులైనా, పొదుపు సంఘంలో ఉన్నా, ఊరికే కుతూహలం ఉన్న మనిషైనా చేయగలిగిన పనే. పట్నంలో అపార్ట్‌మెంటులో ఉండేవాళ్లు ట్యాంకు అన్నచోట సంపు అనీ, చివరి వీధి అన్నచోట పై అంతస్తు చివరి ఫ్లాటు అనీ చదువుకోండి. కుళాయిని మీరు నల్లా అంటారేమో, పేరు ఏదైతేనేం.

ముందు నీళ్ల దారి నడవండి

ఒక తెల్ల కాగితం, పెన్సిలు తీసుకోండి. బోరు ఎక్కడ, ట్యాంకు ఎక్కడ, అక్కడి నుంచి పెద్ద గొట్టం ఏ వీధుల్లోకి వెళ్తుంది, వాల్వులు ఎక్కడ ఉన్నాయి అన్నది గీయండి. చాలా ఊళ్లలో ఈ పటం కాగితం మీద ఉండదు, ఆపరేటర్ తలలో ఉంటుంది. ఆయన రేపు పని మానేస్తే అది ఆయనతోనే పోతుంది. కాబట్టి ఆయన్ని వెంటబెట్టుకునే నడవండి. తప్పులు పట్టడానికి వచ్చారనుకుంటే ఒక్కటీ చూపించడు. టీ తాగించి, "నువ్వు లేకపోతే ఈ ఊరికి దిక్కెవరు, ఒకసారి మాకూ చెప్పు" అంటే అన్నీ చూపిస్తాడు.

నడక రెండుసార్లు ఉండాలి. ఒకసారి నీళ్లు వదిలినప్పుడు, ఒకసారి కట్టేసిన వెంటనే. మొదటి నడకలో కారే చోట్లు కనబడతాయి. రెండో నడకలో అసలు జబ్బు కనబడుతుంది.

మా చివరి వీధిలో మూడో ఇల్లు. ఒత్తిడి చాలక నీళ్లు ఎక్కడం లేదని ఇంటాయన వాకిట్లో మోకాలి లోతు గుంత తీశాడు. గొట్టం కోసి అడుగున కుళాయి బిగించాడు. ఆ కుళాయికి తల ఎప్పుడో ఊడిపోయింది, గుడ్డ పీలిక చుట్టి ఉంది. గుంతలో గిన్నెలు తోమిన నీళ్లు, నాలుగు అన్నం మెతుకులు, ఒక వేపాకు. ఆపరేటర్ అవతల వాల్వు కట్టేసి ఫోను చేసిన నిమిషానికి, మేం చూస్తుండగానే, గుంతలో నీటిమట్టం బెత్తెడు దిగింది. వేపాకు గిర్రున తిరిగి వెళ్లి గుడ్డ పీలికకు అంటుకుంది.

ఆ బెత్తెడు నీళ్లూ గొట్టంలోకి పోయాయి. మర్నాడు ఉదయం అవే ఎవరి బిందెలోకో వచ్చాయి.

ఇందులో వింతేమీ లేదు. గంటసేపు వదిలి, మిగతా రోజంతా కట్టేసే చోట గొట్టంలో నీళ్లు పల్లానికి జారిపోతాయి. ఖాళీ అయిన చోటు చుట్టూ ఉన్నదాన్ని లోపలికి పీల్చుకుంటుంది. గాలి ఉంటే గాలి, మురుగు ఉంటే మురుగు. కాబట్టి రెండో నడకలో వెతకాల్సినవి నాలుగు: మురుగు కాలువలో మునిగిన ఇంటి గొట్టాలు, నీళ్లు నిలిచిన వాల్వు గుంతలు, తల లేని కుళాయిలు, ఇలాంటి వాకిటి గుంతలు. వీటికి తోడు కుళాయికి నేరుగా మోటారు తగిలించేవాళ్లు. మోటారు నీళ్లను పీల్చేటప్పుడు పక్క ఇంటి గుంతలో మురుగును కూడా కలిపి పీలుస్తుంది. ఖరీదైన మోటారు కొన్నవాడికి ఆ మురుగులో ఇంకొంచెం పెద్ద వాటా దక్కుతుంది. ఆ ముక్క చెబితే మా ఊళ్లో ఇద్దరు వెంటనే తీసేశారు.

గుంత తీసినాయన మీద కేకలేసి లాభం లేదు. నీళ్లు ఎక్కకపోబట్టే తీశాడు. ముందు ఒత్తిడి ఇవ్వండి. మా ఊళ్లో ఖర్చు లేకుండా చేసింది ఒక్కటే: ట్యాంకు దగ్గరి వీధుల వాల్వు కట్టేసి, మొదటి ముప్పావుగంట చివరి రెండు వీధులకే నీళ్లు వదిలాం. వారం రోజుల్లో నేలకు మూరెడు ఎత్తున నీళ్లు ఎక్కాయి. అప్పుడు గుంతలు పూడ్చి, చిన్న దిమ్మె కట్టి, కుళాయిలు పైకి లేపాం. మోటార్ల సంగతి కూడా అంతే. ఒక్కరిని తీయమంటే తీయరు, వీధి వీధంతా ఒకే రోజు తీయాలి. అందుకు ఒక పెద్దమనిషి కావాలి, వీలైతే గట్టిగా మాట్లాడే అత్తగారు.

ట్యాంకు కడగడం

ఇది అందరికీ తెలిసిన పనే కనుక క్లుప్తంగా చెబుతాను. ట్యాంకు స్తంభం మీద శుభ్రం చేసిన తేదీ రాసి ఉంటుంది. ఆ రంగు తాజాగా ఉన్నంత మాత్రాన ట్యాంకు కడిగినట్టు కాదు. అడుగున మడ్డి వదిలే వాల్వు తెరిపించి బయటికొచ్చే నీళ్లు చూడండి. ఎర్రగా, నల్లగా మడ్డి వస్తే ఆ తేదీ ఎంతవరకు నిజమో తెలిసిపోతుంది. కడిగినప్పుడు గోడలకు, అడుగుకు బ్లీచింగ్ నీళ్లు పట్టించి బ్రష్‌తో రుద్ది, ఆ నీళ్లన్నీ మడ్డి వాల్వు గుండానే బయటికి పంపాలి, వీధి కుళాయిల్లోకి కాదు. పైమూత ఉందా, గాలి గొట్టానికి జాలీ ఉందా అన్నది చూడండి. మూత లేని ట్యాంకులో పావురాలు, కోతులు చేసే పని నేను వర్ణించను.

ఒక్క హెచ్చరిక మాత్రం గట్టిగా చెప్పాలి. లోపలికి దిగే మనిషి ఒంటరిగా దిగకూడదు. బ్లీచింగ్ ఘాటు మూసిన చోట ఊపిరాడనివ్వదు. మూత తెరిచి గాలి ఆడనిచ్చాకే దిగాలి. పైన ఇంకో మనిషి, నడుముకు తాడు తప్పనిసరి. మరుగుదొడ్లు కడిగే యాసిడ్‌ను బ్లీచింగ్‌తో ఎక్కడా కలపకండి, విషవాయువు వస్తుంది.

బ్లీచింగ్ లెక్క

ఏ ఊళ్లో అడిగినా "వేస్తున్నామండి" అంటారు. ఎంత వేస్తున్నారని అడిగితే చేత్తో చూపిస్తారు. దోసెడు. ఎవరి దోసిలి?

తాజా బ్లీచింగ్ పౌడర్‌లో సుమారు 33 శాతం క్లోరిన్ ఉంటుంది. గాలి, వెలుతురు, చెమ్మ తగిలితే అది తగ్గిపోతూ వస్తుంది. పంచాయతీ గదిలో మూతి విప్పి పెట్టిన బస్తాలో మూడు నెలలు దాటాక మిగిలేది చాలావరకు సున్నమే. మంచి పౌడర్ పొడిపొడిగా రాలుతుంది, మూత తీయగానే ముక్కు అదురుతుంది. గడ్డకట్టి, ముద్దగా, వాసన చచ్చి ఉంటే తీసుకోకండి. బస్తా మీద తయారీ తేదీ చూసి, కొద్దికొద్దిగా కొని, బిగువైన మూత ఉన్న ప్లాస్టిక్ డ్రమ్ములో, ఎండ పడని పొడిచోట పెట్టండి. మోటారు స్టార్టర్ ఉన్న గదిలో పెడితే ఇనుమంతా తుప్పుపట్టిపోతుంది. మా ఊరి స్టార్టర్ అలాగే పోయింది.

నిల్వలో కొంత బలం పోయి పౌడర్‌లో 25 శాతం క్లోరిన్ మిగిలిందనుకుందాం. వెయ్యి లీటర్ల నీళ్లకు 4 గ్రాములు వేస్తే లీటరుకు ఒక మిల్లీగ్రాము క్లోరిన్ పడుతుంది. తేటగా ఉన్న బోరు నీళ్లకు దీనితో మొదలుపెట్టవచ్చు. 60 వేల లీటర్ల ట్యాంకుకు 240 గ్రాములు అవుతుంది. దీనికి కిరాణా కొట్టు త్రాసు చాలు. ఒకసారి తూచి, ఆ కొలత వచ్చే ప్లాస్టిక్ డబ్బాకు గీత పెట్టి ఆపరేటర్ చేతికివ్వండి. ఆ గీత మా ఊళ్లో ఎన్నో సమావేశాలకంటే ఎక్కువ పని చేసింది.

తాగేందుకు వాడే బావి ఉంటే దాని నీళ్లను కూడా కొలవాలి. బావి అడ్డుకొలత మీటర్లలో తీసుకుని, దాన్ని దానితోనే గుణించి, నీటి లోతుతో గుణించి, మళ్లీ 3.14తో గుణించి నాలుగుతో భాగించండి. వచ్చింది ఘనపు మీటర్లు, ఒక్కొక్కటీ వెయ్యి లీటర్లు. మూడు మీటర్ల అడ్డుకొలత, నాలుగు మీటర్ల నీళ్లు ఉన్న బావిలో సుమారు 28 వేల లీటర్లు ఉంటాయి. అంటే 112 గ్రాముల పౌడర్. ఎనిమిదో తరగతి పిల్లలతో ఈ లెక్క చేయించండి, బడిలో వృత్తం వైశాల్యం ఎందుకు నేర్పారో మొదటిసారి వాళ్లకు అర్థమవుతుంది.

కలిపే పద్ధతిలోనే సగం ఊళ్లు తప్పు చేస్తాయి. పొడిని నేరుగా ట్యాంకులోకి విసిరితే సున్నం అడుగున పేరుకుంటుంది, కొంత క్లోరిన్ దానిలోనే చిక్కుకుపోతుంది. ప్లాస్టిక్ బకెట్ తీసుకోండి, ఇనుపది వద్దు. ఒక బకెట్‌కు వంద గ్రాములకు మించకుండా పొడి వేసి, కొద్ది నీళ్లతో దోసెపిండిలా ఉండలు లేకుండా కలపండి. తర్వాత ముప్పావు బకెట్ దాకా నీళ్లు పోసి కలియబెట్టి పది నిమిషాలు వదిలేయండి. తెల్లటి సున్నం అడుక్కి దిగుతుంది. పైనున్న తేట నీళ్లే ట్యాంకులోకి. అడుగున మిగిలింది మురుగు కాలువ పాలు. ఈ పని చేసేటప్పుడు ముక్కుకు గుడ్డ, చేతులకు తొడుగులు ఉండాలి. గాలి మీకు ఎదురుగా వీచే చోట నిలబడకూడదు.

వేసే వేళ కూడా ముఖ్యం. ట్యాంకు నిండడం మొదలైన కొద్దిసేపటికి వేస్తే వచ్చే నీళ్ల ధాటికి అదే కలిసిపోతుంది. ఆ తర్వాత కనీసం అరగంట, వీలైతే గంట ఆగి వాల్వు తెరవాలి. క్రిములు చావడానికి ఆ సమయం పడుతుంది. పైన నింపుతూ కింద వదిలేసే ఊళ్లలో బ్లీచింగ్ వేసినా వేయనట్టే. బావికైతే సాయంత్రం నీళ్లు తోడడం అయ్యాక తేట నీళ్ల బకెట్‌ను బావి అడుగు దాకా దించి, పైకీ కిందికీ పక్కలకూ ఆడిస్తూ కలపండి. తెల్లవారేసరికి వాడుకోవచ్చు.

నీళ్లు బురదగా ఉంటే పై లెక్క పనికిరాదు. మట్టే క్లోరిన్‌ను మింగేస్తుంది. ముందు తేటపడనివ్వాలి.

అన్నట్టు, రోడ్ల పక్కన తెల్లగా గీతలు గీసినట్టు బ్లీచింగ్ చల్లడం చూస్తుంటాం. అధికారులు వచ్చే ముందురోజు ఆ ముగ్గు ఇంకా దట్టంగా ఉంటుంది. దుమ్ములో, పొడినేల మీద అది చేసే మేలు చాలా తక్కువ. ట్యాంకులో పడాల్సింది రోడ్డు మీద పడింది, అంతే.

చుక్కల పరీక్ష: ఎక్కడ, ఎప్పుడు

క్లోరిన్ వేయడం ఒక పని, అది మిగిలిందా లేదా చూడటం ఇంకో పని. భారత ప్రమాణాల ప్రకారం కుళాయిలో నీళ్లు పట్టుకునే చోట లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. జబ్బులు తిరిగే రోజుల్లో 0.5 ఉంటే మంచిది. ఈ మిగులు ఎందుకంటే, గొట్టంలో ఎక్కడో మురుగు కలిస్తే దానితో పోరాడటానికి. చివరి కుళాయిలో మిగులు లేదంటే దారిలో ఏదో దాన్ని తినేసిందని అర్థం. అందుకే నేను ట్యాంకు దగ్గరి పరీక్ష ఒక్కదాన్నే నమ్మడం మానేశాను.

పరీక్ష పెట్టె పంచాయతీలో ఉండాలి. 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ కింద ప్రతి గ్రామంలో అయిదుగురు మహిళలకు నీటి పరీక్ష నేర్పాలన్నది నియమం. మీ ఊళ్లో ఆ అయిదుగురు ఎవరో అడగండి. మా ఊళ్లో పెట్టె బీరువాలో ఉంది, తాళంచెవి ఇంకొకరి దగ్గర ఉంది, ఆ ఇంకొకరు కూతురి పురిటికి వెళ్లారు. పెట్టె దొరికాక ముందు ద్రావణం గడువు తేదీ చూడండి. గడువు దాటిన సీసా ఎప్పుడూ "క్లోరిన్ లేదు" అనే చెప్పవచ్చు.

కుళాయి విప్పి ఒకటి రెండు నిమిషాలు నీళ్లు పోనివ్వండి. గాజు గొట్టాన్ని ఆ నీళ్లతోనే రెండుసార్లు కడిగి, గీత దాకా పట్టండి. పెట్టెలో రాసినన్ని చుక్కలు వేసి, మూత పెట్టి తలకిందులు చేసి, వెంటనే రంగుల పట్టీతో పోల్చండి. ఆలస్యమైతే రంగు ముదిరి తప్పు లెక్క చెబుతుంది. పెట్టెలోని మందు ఆర్థోటాలిడిన్ అయితే పసుపు, డీపీడీ అయితే గులాబీ రంగు వస్తుంది. పరీక్షించిన నీళ్లు పారబోసి చేతులు కడుక్కోండి, ఆ ద్రావణం ఒంటికి మంచిది కాదు.

ప్రతి వీధి చూడనక్కర్లేదు. ట్యాంకు దగ్గర ఒకటి, మధ్యలో ఒకటి, చివర రెండు. వానాకాలంలో రోజూ, మిగతా రోజుల్లో వారానికి రెండుసార్లు. ఒక నోటు పుస్తకంలో తేదీ, వేళ, చోటు, రంగు రాయండి. చివర రంగు రాకపోతే మర్నాడు మోతాదు కొంచెం పెంచి చూడండి. ట్యాంకు దగ్గర ముదురు పసుపు వచ్చి చివర ఇంకా తెల్లగానే ఉంటే మోతాదు పెంచడం ఆపి, గొట్టం వెంట మళ్లీ నడవండి. దారిలో ఎక్కడో వేపాకు తిరుగుతూ ఉంటుంది.

నెలకోసారి నల్లరంగు సీసా పరీక్ష కూడా చేయించండి. ఆ పరీక్షకు ఇచ్చే సీసాలో నీళ్లు పట్టి ఒకటి రెండు రోజులు ఉంచితే, మలం నుంచి వచ్చే బ్యాక్టీరియా ఉన్నప్పుడు నల్లగా మారుతుంది. ఒక నల్ల సీసా పంచాయతీ సమావేశంలో బల్ల మీద పెట్టి చూడండి, ఉపన్యాసం అక్కర్లేదు.

ఇంటి గడప లోపల

కాచి చల్లార్చిన నీళ్లు మంచివే, కానీ కళపెళ మరిగాక కూడా కనీసం ఒక నిమిషం పొయ్యి మీద ఉంచాలి. కాచిన నీళ్లలో మిగులు క్లోరిన్ ఉండదు కనుక, ఒక మురికి గ్లాసు ముంచితే కథ మొదటికొస్తుంది. కుండకు మూత, ముంచడానికి పొడుగు కాడ గరిటె, లేదా కుళాయి ఉన్న పాత్ర ఉండాలి. వరద వచ్చినప్పుడు ఇచ్చే క్లోరిన్ మాత్రలు ఎన్ని లీటర్లకు ఒకటో ప్యాకెట్ మీద చూసి వేసుకుని అరగంట ఆగండి. మరుగుదొడ్డి గుంతకూ తాగే బావికీ మధ్య 15 మీటర్ల దూరం ఉండేలా చూసుకోండి.

క్యాన్ నీళ్ల గురించి నాకొక బాధ ఉంది. ఊళ్లో కాస్త మాట చెల్లేవాళ్లంతా క్యాన్ నీళ్లకు మారిపోయాక, కుళాయి నీళ్ల గురించి అడిగే గొంతు పోయింది. అయితే ఆ ఇళ్లలోనే కూరగాయలు కడిగేదీ, పళ్లు తోముకునేదీ, పచ్చడి నూరేదీ కుళాయి నీళ్లతోనే. క్యాన్ నీళ్లలో సాధారణంగా క్లోరిన్ మిగులు ఉండదు. సరిగా కడగని క్యాన్‌లో చేరిన క్రిమిని ఆపేది ఏదీ లేదు.

జబ్బు మొదలైందని అనిపిస్తే

ఒకే వీధిలో రెండు మూడు రోజుల్లో ముగ్గురికి నీళ్ల విరేచనాలు అయ్యాయంటే "ఎండకు తేడా చేసింది" అని ఊరుకోకండి. అదే రోజు ఆశా కార్యకర్తకో, ఏఎన్ఎంకో చెప్పండి. ఆ వీధికి నీళ్లు కట్టేసి, ట్యాంకరు తెప్పించి, అందులోనూ చుక్కల పరీక్ష చేయండి. మీరు మొదట గీసిన పటం ఇప్పుడు అక్కరకొస్తుంది. జబ్బుపడిన ప్రతి ఇంటికీ పటం మీద ఒక చుక్క పెట్టండి.

1854 ఆగస్టు చివర లండన్‌లోని సోహో ప్రాంతంలో కలరా వచ్చి 600 మందికి పైగా పోయారు. జబ్బు గాలివల్ల వస్తోందని అందరూ నమ్ముతున్నప్పుడు జాన్ స్నో అనే వైద్యుడు చనిపోయినవాళ్ల ఇళ్లు లెక్కగట్టాడు. వాటిలో దాదాపు అన్నీ బ్రాడ్ స్ట్రీట్ చేతిపంపు చుట్టూ మూగాయి. పక్కనే ఉన్న బీరు బట్టీ పనివాళ్లలో ఎవరూ చనిపోలేదు, వాళ్లు ఆ నీళ్లు తాగలేదు. ఎక్కడో దూరాన హాంప్‌స్టెడ్‌లో ఒక ముసలావిడ పోయింది. ఒకప్పుడు ఆ వీధిలో ఉండి, ఆ పంపు నీళ్ల రుచి మరిగి, రోజూ తెప్పించుకుని తాగేదట. సెప్టెంబరు 8న పంపు పిడి తీసేశారు. తర్వాత తవ్వి చూస్తే బావికి కొద్ది అడుగుల దూరంలో ఒక ఇంటి మలం గుంత కారుతూ ఉంది. రుచిగా, తేటగా ఉన్న నీళ్లు మంచివని ఎవరైనా అన్నప్పుడు నాకు ఆ ముసలావిడే గుర్తొస్తుంది.

చుక్కలు పెట్టేటప్పుడు జబ్బుకూ తాగిన నీళ్లకూ మధ్య ఉన్న గడువు మరిచిపోకూడదు. కలరాకు కొన్ని గంటల నుంచి అయిదు రోజులు. టైఫాయిడ్‌కు ఒకటి నుంచి మూడు వారాలు. నీళ్ల ద్వారా వచ్చే పచ్చకామెర్లకు నాలుగు నుంచి ఆరు వారాలు కూడా పట్టవచ్చు. దసరాకు కళ్లు పచ్చబడ్డాయంటే వినాయక చవితి ముందు తాగిన నీళ్లను అనుమానించాలి. గర్భిణులకు ఈ పచ్చకామెర్లలో ఒక రకం ప్రాణాంతకం కావచ్చు, పసరు మందులంటూ రోజులు పోగొట్టకండి.

ఈలోగా మనిషిని కాపాడేది ఓఆర్ఎస్. 1971లో బంగ్లాదేశ్ యుద్ధకాలంలో పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్ శరణార్థి శిబిరంలో సెలైన్లు అయిపోతే, డాక్టర్ దిలీప్ మహలనబీస్ ఉప్పు, చక్కెర కలిపిన నీళ్లను డ్రమ్ముల్లో పోసి బంధువుల చేతనే తాగించి వేలమందిని బతికించారు. ఒక ప్యాకెట్ మొత్తాన్ని ఒక లీటరు మంచినీళ్లలో కలపాలి. సగం ప్యాకెట్ సగం గ్లాసులో కలిపే పద్ధతి వద్దు. ఒకసారి కలిపింది 24 గంటల్లో వాడేయాలి. ప్యాకెట్ లేకపోతే లీటరు నీళ్లకు టీ చెంచాతో సమంగా ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. గంజిలో ఉప్పు వేసి ఇచ్చే మన పెద్దవాళ్ల అలవాటు కూడా మంచిదే. పసిపిల్లలకు తల్లిపాలు ఆపకూడదు, జింకు మాత్రలు 14 రోజులు పూర్తిగా ఇవ్వాలి, మోతాదు ఏఎన్ఎం చెబుతుంది.

మందుల దుకాణంలో పండ్లరసం డబ్బా ఇచ్చి అదే ఓఆర్ఎస్ అంటే తీసుకోకండి. వాటిలో చక్కెర మితిమీరి ఉంటుంది, విరేచనాలు ఇంకా ఎక్కువవుతాయి. హైదరాబాద్‌కు చెందిన పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడాక, 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ అలాంటి పానీయాల మీద ఆ పేరు వాడకూడదని ఆదేశించింది.

కళ్లు లోతుకు పోయినా, మూత్రం ఆగినా, మనిషి మగతగా ఉన్నా, మలంలో రక్తం కనబడినా, గంజినీళ్లలా విరేచనం ఆగకుండా పోతున్నా 108కి ఫోను చేయండి. దారిలో కూడా ఓఆర్ఎస్ తాగిస్తూనే ఉండండి.

డబ్బు, మనుషులు

"నిధులు లేవు" అన్న మాట తప్పక వినబడుతుంది. 15వ ఆర్థిక సంఘం 2021-26 మధ్య పంచాయతీలకు ఇచ్చిన నిధుల్లో 60 శాతాన్ని తాగునీటికి, పారిశుద్ధ్యానికే కేటాయించాలని షరతు పెట్టింది. గ్రామసభలో లేచి, ఆ పద్దు కింద ఏం కొన్నారని మర్యాదగా అడగండి. అడిగిందీ, వచ్చిన జవాబూ మినిట్సులో రాయించండి. బ్లీచింగ్, పరీక్ష ద్రావణం ఖర్చు వీధి దీపాల ఖర్చు ముందు ఏపాటిది?

అంతకంటే కష్టమైంది మోతాదు నిలబెట్టడం. మా ఆపరేటర్ ఒకరోజు గోడు వెళ్లబోసుకున్నాడు. "ట్యాంకు పక్క వీధిలో అమ్మలక్కలు నన్ను బతకనివ్వడం లేదు మాస్టారూ. నీళ్లు మందు వాసనట, కాఫీ చెడిపోయిందట. అందుకే అప్పుడప్పుడు తగ్గిస్తున్నాను." నిజమే, పదేళ్లుగా ఫిర్యాదులన్నీ ఆ ముందు వీధులవే. చివరి వీధి నుంచి ఒక్కటీ లేదు. దాన్ని వాళ్ల మంచితనం అనుకున్నాం.

గుంతలు పూడ్చి, కుళాయిలు లేపి, వాల్వు వంతులు మార్చిన రెండో నెలలో, చెరువుగట్టు కింద మూడో ఇంటి ముసలమ్మ నన్ను వీధిలో ఆపింది.

"ఏం నీళ్లయ్యా ఇవి మాస్టారూ, ఆసుపత్రి వాసన కొడుతున్నాయి!"

బిందె మీద పలుచటి గుడ్డ వేసి అరగంట ఉంచితే వాసన పోతుందని చెప్పాను. ఇంటికి వచ్చి నోటు పుస్తకంలో ఆ తేదీ ఎదురుగా రాసుకున్నాను: చివరి కుళాయి, ఉదయం ఏడుంపావు, లేత పసుపు.